ఈద్ రోజు కౌగిలింతలు బక్రీద్ దాకా కూడా నిలవడం లేదు, మసీదులో ఐకమత్యం ఏళ్ల తరబడి నిలవాలంటే ఏం చేయాలి?

అస్సలాము అలైకుం తమ్ముడూ.

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పోయిన రంజాన్‌లో మీ మసీదులో తరావీహ్ (రంజాన్ రాత్రుల ప్రత్యేక నమాజు) 8 రకాతులా (నమాజులో ఒక్కో ఆవృత్తి) 20 రకాతులా అని మాట పెరిగింది. కొందరు విడిపోయి ఒక ఇంటి మేడ మీద నమాజు చేసుకుంటున్నారు. పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడితే ఈద్ రోజు అందరూ కౌగిలించుకున్నారు. బక్రీద్ నాటికి కథ మళ్లీ మొదటికొచ్చింది. "ఇత్తెహాద్ (ఐకమత్యం) మీద బయాన్లు (ప్రసంగాలు) విని విని విసుగొచ్చింది. పది, ఇరవై ఏళ్లు నిలిచే సోదరభావం అసలు సాధ్యమేనా?" అని అడిగారు.

ముందు నేనెవరో చెబుతాను. విశాఖలో గాజువాక వైపు ఒక మసీదు కమిటీలో 22 ఏళ్లు పనిచేశాను. కొన్నాళ్లు సెక్రటరీని, ఎక్కువకాలం లెక్కలు రాశాను. నేను ఆలిమ్‌ని (మతపండితుణ్ణి) కాను, కాబట్టి తరావీహ్ ఎన్ని రకాతులో నన్ను అడగొద్దు. గొడవలు మాత్రం చాలా చూశాను. రెండు మూడు నేనే పెట్టాను కూడా.

సాధ్యమే. కానీ అందరినీ ఒకే అభిప్రాయానికి తెచ్చే ప్రయత్నం ముందు మానేయాలి. దాని బదులు డబ్బు లెక్క అందరికీ కనబడేలా పెట్టండి, పని అందరికీ పంచండి, అలకను మూడో రోజు దాటనివ్వకండి. నాకు పనికొచ్చినవి ఇవే. ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, కౌగిలించుకోగానే కలిసిపోయినట్టు కాదు. ఆ తర్వాత ఏడాది పొడుగునా చేసే చిల్లర పనుల్లోనే అంతా ఉంది.

ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను.

గొడవ మసలా (మత నియమం మీద ప్రశ్న) పేరుతో మొదలవుతుంది, లోపల ఉండేది వేరు. మా దగ్గర నమాజులో ఆమీన్ గట్టిగా అనాలా, మెల్లగా అనాలా అని ఒకసారి పెద్ద రాద్ధాంతం జరిగింది. అంతకు ముందు పదిహేనేళ్లుగా గట్టిగా అనేవాళ్లూ, మెల్లగా అనేవాళ్లూ ఒకే సఫ్‌లో (నమాజు వరసలో) భుజం భుజం ఆనించి నిలబడ్డవాళ్లే. మరి ఆ ఏడే ఎందుకు రేగింది? కమిటీ ఎన్నికలొచ్చాయి. ఓడిపోయిన వర్గానికి కోపం ఉంది, అది బయటపడటానికి ఒక దారి కావాలి. కుర్చీ కోసం పోట్లాడుతున్నాం అని ఎవరూ చెప్పుకోరు కదా. దీన్ (ధర్మం) కోసం అంటే గౌరవంగా ఉంటుంది.

మీ దగ్గర కూడా ఒక్కసారి కనుక్కోండి. తరావీహ్ గొడవకు ముందు ఆరు నెలల్లో ఏం జరిగింది? ఎవరినైనా కమిటీలోంచి తీసేశారా? ఎవరైనా చందా గురించి అడిగితే కసురుకున్నారా? ఇమాం సాబ్‌ని మార్చారా? దొరుకుతుంది చూడండి.

అభిప్రాయభేదం ఉన్నంత మాత్రాన జమాత్ (సమాజం) విరిగిపోదనడానికి సహాబాల (ప్రవక్త సహచరుల) కాలంలోనే సాక్ష్యం ఉంది. కందకం యుద్ధం తర్వాత ప్రవక్త (స) కొందరిని బనూ ఖురైజా తెగ వైపు పంపుతూ, అస్ర్ (సాయంత్రపు) నమాజు అక్కడికి చేరాకే చేయమన్నారు. దారిలోనే పొద్దు వాలింది. కొందరు "తొందరగా వెళ్లమనే కదా ఆయన ఉద్దేశం" అని దారిలోనే చదివేశారు. మిగతావాళ్లు మాటను మాటగా తీసుకుని అక్కడికి వెళ్లాకే చదివారు. విషయం తెలిశాక ప్రవక్త (స) రెండు జట్లలో ఎవరినీ తప్పుపట్టలేదు. నాకు ఇంకా ఎక్కువగా గుర్తుండేది మక్కా దగ్గరి మినా సంగతి. హజ్ సమయంలో ఖలీఫా ఉస్మాన్ (రజి) అక్కడ ప్రయాణపు నమాజు రెండు రకాతులకు కుదించకుండా నాలుగూ చదివించారు. సహాబీ అబ్దుల్లా ఇబ్న్ మస్ఊద్ (రజి)కి అది సరి అనిపించలేదు, ఆ మాట చెప్పారు కూడా. అయినా వెనక నిలబడి నాలుగూ చదివారు. అదేమిటని అడిగితే, విభేదం చెడ్డది అన్నారు. తన అభిప్రాయం ఆయన మార్చుకోలేదు, సఫ్ కూడా విడిచిపెట్టలేదు. మేడ మీద ఉన్నవాళ్లకూ కింద ఉన్నవాళ్లకూ చెప్పాల్సింది ఇదే. అయితే మీ వయసులో మీరు చెబితే వినరు, ఇమాం సాబ్ చేత చెప్పించండి.

ఇక డబ్బు సంగతి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా పరువు పోయింది ఇక్కడే.

2009లో మసీదుకు బోరు వేయించాం. అప్పటి ఖజాంచి నాకంటే పదేళ్లు పెద్ద. చాచా అని పిలిచేవాణ్ణి. లెక్కల్లో 38,500 రూపాయలకు బిల్లు కనబడలేదు. ఆయన్నే నేరుగా అడిగితే సరిపోయేది. నేను అడగలేదు. ఒక సాయంత్రం అస్ర్ తర్వాత టీ కొట్టు దగ్గర నలుగురి ముందు "బోరు కంటే లోతుగా డబ్బు దిగిపోయినట్టుంది" అని జోకేశాను. అందరూ నవ్వారు. మగ్రిబ్ (పొద్దుగూకాక చేసే నమాజు) వేళకల్లా ఆ మాట ఆయన ఇంటికి చేరింది. ఆయన తాళాలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ఆయన కొడుకులు, అల్లుడు, వాళ్ల వైపు పది పన్నెండు కుటుంబాలు వేరే మసీదుకు వెళ్లడం మొదలుపెట్టారు.

బిల్లు దొరికింది. మసీదు ఆఫీసులో పాత క్యాలెండర్ వెనక, మోటారు వారంటీ కార్డుతో పాటు. రూపాయి తేడా లేదు.

అప్పటికి ఎనిమిది నెలలైంది. ఎనిమిది నెలలు నేను ఆయనకు సలాం చెప్పలేదు! ఒక ముస్లిం తన సోదరుడితో మూడు రోజులకు మించి మాట మానేయడం తగదని, ఇద్దరిలో ముందు సలాం చెప్పినవాడే మంచివాడని హదీసు ఉంది. బుఖారీ, ముస్లిం రెండింట్లోనూ ఉంది. అది నేనే ఎన్నోసార్లు పిల్లలకు చెప్పాను. తిర్మిజీలో ఇంకో హదీసు ఉంది. మనుషుల మధ్య సంబంధాలు చెడగొట్టడం మంగలి కత్తి లాంటిదట. అది గొరిగేది జుట్టును కాదు, దీన్‌ని.

చాచా ఇంటికి వెళ్లి మాఫీ అడుగుతానని ఇమాం సాబ్‌కి చెప్పాను. ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "నింద టీ కొట్టులో వేసి, మాఫీ ఇంట్లో అడిగితే ఎట్లా?" అన్నారు. మరుసటి రోజు అదే టీ కొట్టు, దాదాపు అవే మొహాలు. చాచాను బతిమాలి తీసుకొచ్చారు. బిల్లు చేతిలో పట్టుకుని నిలబడి చెప్పాను. చెమటలు పట్టాయి. చాచా ఏమీ అనలేదు. టీ డబ్బులు మాత్రం ఆయనే ఇచ్చారు. ఆ పన్నెండు కుటుంబాల్లో తొమ్మిది తిరిగి వచ్చాయి. మూడు రాలేదు, ఈ రోజు వరకూ రాలేదు. పూర్తిగా అతుక్కుంటుందని మీకు అబద్ధం చెప్పలేను.

ఆ తర్వాత పెట్టుకున్న పద్ధతి ఇదీ. జుమా (శుక్రవారం నమాజు) చందా డబ్బా ముగ్గురు లెక్కపెట్టాలి. ముగ్గురూ ఒకే చుట్టరికం, ఒకే వర్గం వాళ్లు కాకూడదు. లెక్క పూర్తికాగానే, జనం చెప్పులు వేసుకునే లోపే గుమ్మం పక్క బోర్డు మీద అంకె పడాలి. జకాత్‌కు (తప్పనిసరి దానానికి) వేరే పుస్తకం. జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్‌లో సూరె (అధ్యాయం) తౌబా 60వ ఆయతులో (వాక్యంలో) ఎనిమిది వర్గాలుగా చెప్పేశారు. దాన్ని తీసుకెళ్లి టైల్స్ ఖర్చులో కలిపామంటే రేపు ఎవరైనా అడగక మానరు, అడగాలి కూడా. కొందరు పెద్దలు "మా మీద నమ్మకం లేదా?" అని నొచ్చుకున్నారు. నమ్మకం నిలబడటానికే బోర్డు పెడుతున్నాం అని చెప్పాం. అనుమానం రాకుండా చూసుకోవడం కమిటీ బాధ్యత. సూరె హుజురాత్‌లో విశ్వాసులు అన్నదమ్ములు, వాళ్ల మధ్య సయోధ్య చేయండి అన్న ఆయతు పదోది. ఆ వెంటనే 11, 12 ఆయతుల్లో ఏముంది? ఎగతాళి చేయొద్దు, పేర్లు పెట్టి వెక్కిరించొద్దు, అనుమానాలు పెట్టుకోవద్దు, కూపీలు లాగొద్దు, చాటుగా చెడు చెప్పుకోవద్దు. మనం పదో ఆయతు బ్యానర్ మీద రాయించుకుని మిగతా రెండూ వదిలేస్తాం.

ఇప్పుడు మన ఊళ్లో మాట్లాడటానికి ఇబ్బందిపడే విషయం ఒకటి. విశాఖ ముస్లింలంతా ఒకే మూసలో పోసినవాళ్లు కాదు. పాత నగరం కుటుంబాలు దర్గా కొండ నీడలో తరాలుగా ఉన్నవాళ్లు, ఇంట్లో ఉర్దూ. గాజువాక వైపు ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగాలకని జిల్లా జిల్లా నుంచి వచ్చినవాళ్లు. నేవీలో, షిప్‌యార్డులో పనిచేసే మలయాళీలు ఉన్నారు. భవనాల పనులకు వచ్చిన బిహార్, బెంగాల్ కుర్రాళ్లు ఉన్నారు. ఇక నేను నూర్‌బాషా వాణ్ణి, గుంటూరు వైపు నుంచి వచ్చాను. మా తాత దూది ఏకేవాడు. మా ఇంట్లో తెలుగే.

వచ్చిన కొత్తలో నా ఉర్దూ విని వజూ (నమాజుకు ముందు కాళ్లు చేతులు కడుక్కోవడం) కొళాయిల దగ్గర నవ్వుకునేవాళ్లు. "దూదేకులాయన" అనేవారు, నా పేరు తెలిసి కూడా. పెళ్లి సంబంధాల దగ్గర ఇది ఇంకా గట్టిగా తెలుస్తుంది. అబూజర్ (రజి) అంతటి సహాబీ ఒకతన్ని తల్లి పుట్టుక ఎత్తి దెప్పితే, నీలో ఇంకా జాహిలియ్యత్ (ఇస్లాంకు ముందటి అజ్ఞానం) మిగిలి ఉందని ప్రవక్త (స) ముఖం మీదే చెప్పారు. మనమేమో సఫ్‌లో పక్కపక్కన నిలబడి, భోజనాల దస్తర్‌ఖాన్ దగ్గర పక్కకు జరుగుతాం.

దీనికి మేం చేసిందల్లా ఒక్కటే. జుమా ముందు బయాన్‌లో చివరి పదిహేను నిమిషాలు తెలుగులో పెట్టాం. మొదట్లో "మసీదులో తెలుగేంటి?" అన్నవాళ్లు ఉన్నారు. రెండు నెలలకు ఆ అన్నవాళ్ల మనవలే ముందు వరసలో కూర్చున్నారు, ఎందుకంటే ఇంగ్లిష్ మీడియం పిల్లలకు ఉర్దూ కంటే తెలుగే బాగా అర్థమవుతుంది. బెంగాలీ కుర్రాళ్లకు ఏ భాషా పూర్తిగా రాదు. వాళ్లకు రంజాన్‌లో సహరీ (తెల్లవారుజాము భోజనం) వంట అప్పజెప్పాం. అదే వాళ్లకు దక్కిన గౌరవం. పెళ్లిళ్ల విషయంలో మాత్రం పెద్దగా మార్పు రాలేదు, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

పని పంచండి. ప్రవక్త (స)కు నుబువ్వత్ (ప్రవక్తత్వం) రాకముందు కాబాను తిరిగి కట్టేటప్పుడు, నల్లరాయిని ఎవరు పెట్టాలని ఖురైష్ తెగలు కత్తులు దూసే దాకా వచ్చాయి. అప్పుడాయన ఒక గుడ్డ పరిచి, రాయి దాని మీద పెట్టి, అన్ని తెగల వాళ్లనూ తలా ఒక అంచు పట్టుకోమన్నారు. ఎవరిది గొప్ప అన్న తీర్పే చెప్పలేదు. నేను కమిటీలో ఎక్కువగా వాడుకున్న పాఠం ఇదే. ఇఫ్తార్ రోజులు వీధులవారీగా, ఖబరస్తాన్ శుభ్రం చేయడం ఒక జట్టుకు, జనాజా (అంత్యక్రియల) పనులు ఇంకో జట్టుకు. జట్టులో రెండు వర్గాల వాళ్లూ ఉండి తీరాలి.

జనాజా జట్టు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక మయ్యత్‌కు (మృతదేహానికి) కలిసి గుసుల్ (స్నానం) ఇచ్చి, కఫన్ చుట్టి, మట్టి ఇచ్చి వచ్చిన ఇద్దరు మనుషులు మర్నాడు ఆమీన్ గురించి అరుచుకోవడం నేను చూడలేదు. 2020లో కరోనా భయంతో సొంత చుట్టాలే రాని రోజుల్లో మా జట్టులో ఆరుగురు వెళ్లేవారు. వాళ్లలో ముగ్గురు దర్గాకు వెళ్లేవాళ్లు, ముగ్గురు వెళ్లకూడదనేవాళ్లు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఆపద తెచ్చిన ఐక్యతను చూసి మురిసిపోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది, బక్రీద్ అయి వారం కూడా కాలేదు. (సూరె నమ్ల్‌లో సులైమాన్ అలైహిస్సలాం దగ్గర ఉండే పిట్ట పేరు అది. అంత చక్కటి పిట్ట పేరు తుపానుకు పెట్టారే అని మా అమ్మీ బాధపడింది.) మా వీధికి కరెంటు రావడానికి వారం దాటింది. మసీదు బోరుకు జనరేటర్ తగిలించి వీధి వీధంతటికీ, మతం చూడకుండా, నీళ్లు ఇచ్చాం. ఆ రంజాన్‌లో ఒకరి వెనక ఒకరు నమాజు చేయబోమన్నవాళ్లు నీళ్ల డ్రమ్ములు కలిసి మోశారు. నేను కళ్లు తుడుచుకున్నాను, ఇక మన కష్టాలు తీరాయి అనుకున్నాను. సంక్రాంతి నాటికి యథాప్రకారం! ఎందుకంటే తుపాను పని అయిపోయాక మళ్లీ కలిసి చేసే పని పెట్టలేదు. ఆ తప్పు కమిటీది. వంతుల కాగితం రాసి గోడకు అంటించింది ఆ తర్వాతే.

వాట్సాప్ గ్రూపు గురించి ఒక్క ముక్క. మదీనాలో ఔస్, ఖజ్‌రజ్ తెగలు ఏళ్ల తరబడి కొట్టుకున్నాయి. ఇస్లాంలోకి వచ్చి కలిశాక కూడా, ఎవరో పాత బుఆస్ యుద్ధపు పద్యాలు వాళ్ల మధ్య చదివించేసరికి మళ్లీ ఆయుధాల దాకా వెళ్లారని సీరా (ప్రవక్త జీవిత చరిత్ర) గ్రంథాల్లో ఉంది. ప్రవక్త (స) స్వయంగా వచ్చి ఆపాల్సి వచ్చింది. మీ గ్రూపులో అర్ధరాత్రి వచ్చే ఆ ముక్క కోసిన వీడియోలు ఆ పద్యాల్లాంటివే. మా గ్రూపులో నమాజు వేళలు, జనాజా కబురు, రక్తం కావాలన్న మెసేజీ తప్ప ఏమీ పెట్టకూడదు. అడ్మిన్లు తప్ప ఎవరూ రాయలేకుండా సెట్టింగ్ మార్చేశాం. కొన్నాళ్లు తిట్టుకున్నారు, తర్వాత ప్రాణం హాయిగా ఉందన్నారు.

ఇప్పుడు నా మాటలకు కొన్ని మినహాయింపులు.

ఐకమత్యం పేరు చెప్పి దొంగతనాన్ని, అన్యాయాన్ని కప్పిపుచ్చొద్దు. వక్ఫ్ స్థలం ఎవరైనా మింగేస్తుంటే, "జమాత్ విరిగిపోతుంది, ఊరుకోండి" అనేవాడి మాట వినకండి. నేను టీ కొట్టులో వేసిన జోకు తప్పు. కమిటీ మీటింగులో కాగితం పట్టుకుని అడగడం తప్పు కాదు.

విడిగా నమాజు చేసుకునే ప్రతి జట్టునూ చీలిక అనకండి. ఊరు పెరిగింది, దూరాలు పెరిగాయి. చోటు చాలక ఇంకో మసీదు వస్తే మంచిదే. కోపంతో వచ్చిందా, అవసరంతో వచ్చిందా అన్నదే తేడా.

ఆడవాళ్లను లెక్కలోకి తీసుకోండి. మగవాళ్లం మసీదు మెట్ల మీద రాజీపడి ఇంటికి వెళ్తాం, అక్కడ వదినా ఆడపడుచుల మధ్య ఆ కక్ష అలాగే ఉంటుంది. చాచా విషయంలో చివరికి ముడి విప్పింది మా ఇంటావిడ. నేను మాట్లాడని ఎనిమిది నెలలూ ఆమె మాత్రం వాళ్లింటికి ఈద్‌కి సేవయ్యాలు పంపుతూనే ఉంది. నాకు చెప్పకుండా!

ఇంకొకటి. మన అన్నదమ్ముల బంధం పక్కింటివాళ్లకు వ్యతిరేకంగా కట్టే గోడ కాకూడదు. పాత నగరంలో ఆ మూడు కొండలు చూసే ఉంటారు. ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద చర్చి, మూడోదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. దర్గాకు ముడుపు కట్టేవాళ్లలో ముస్లిమేతరులు ఎంతమందో వెళ్లి చూడండి. (దర్గాకు వెళ్లొచ్చా లేదా అని నాకు కింద రాయకండి, అది నా పని కాదని ముందే చెప్పాను.)

ఇక మీరు చేయాల్సింది. మేడ మీద జట్టులో మీ ఈడువాడు, మీతో చదువుకున్నవాడు ఎవడో ఒకడు ఉండే ఉంటాడు. ఈ వారంలో వాడింటికి వెళ్లండి. ఇంట్లో ఎవరైనా మంచాన ఉన్నారేమో కనుక్కోండి, మంచాన ఉన్నవాళ్లను పలకరించి రండి. తరావీహ్ మాట ఎత్తకండి. వాడే ఎత్తితే టీ తాగి, మళ్లీ వస్తానని లేచి వచ్చేయండి, నిజంగానే మళ్లీ వెళ్లండి. ఈలోగా మీ కమిటీలో జుమా డబ్బా ఎవరు లెక్కపెడుతున్నారో, ఎంతమంది ముందు లెక్కపెడుతున్నారో చూసి ఇక్కడ రాయండి. అది తెలిస్తే మిగతాది చెప్పగలను.